ఎనిమిది కిలోల ఉపగ్రహానికి బీమా: మా బ్రోకర్‌కి 5కి 4 స్టార్లు

మా ఉపగ్రహం బరువు ఎనిమిది కిలోలు. మా వాళ్లు హైదరాబాద్‌లో రెండేళ్లు కూర్చుని కట్టారు. నేను అకౌంట్స్ చూస్తాను, బీమా పని నా నెత్తినే పడింది.

మొదట ఒక ఏజెంట్ దగ్గర రవాణా పాలసీ తీసుకున్నాం. పెట్టె శ్రీహరికోట చేరి, ఉపగ్రహాన్ని రాకెట్‌కి బిగించేదాకా అది చెల్లుతుంది. "ఆపైన లాంచ్ పాలసీ ఉంటుందిగా" అన్నాడాయన. తర్వాత కలిసిన ఈ బ్రోకర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని అరగంట చదివారు. తలెత్తి ఒక్కటే అడిగారు: "బిగించాక, ఇంజన్ వెలిగేలోపు ఏమన్నా అయితే డబ్బెవరిస్తారు మేడం?"

మా లాంచ్ పాలసీ మొదలయ్యేది ప్రయోగం కోసం ఇంజన్ వెలిగించిన క్షణం నుంచి. మధ్యలో రోజులకి రోజులు ఏ పాలసీ కిందికీ రావు.

2016 సెప్టెంబరు 1న జరిగింది ఆయన అప్పుడే చెప్పారు. అమెరికాలోని కేప్ కెనావెరల్‌లో ఫాల్కన్ 9 రాకెట్ ఇంకా రెండు రోజుల్లో ఎగరాలి. ఇంజన్ పరీక్షకని ఇంధనం నింపుతుంటే పేలింది. పైనున్న ఇజ్రాయెల్ ఉపగ్రహం ఆమోస్-6 కాలిపోయింది. ప్రయోగమే జరగలేదు కనుక లాంచ్ పాలసీ వర్తించలేదు, ప్రయోగానికి ముందరి పాలసీయే వాళ్లని ఆదుకుంది. మా ఖాళీని పూడ్చే కాగితం మీద మర్నాడే సంతకం పెట్టాను. వ్యాన్ సూళ్లూరుపేట దాటుతున్నప్పుడు ఆ కాగితం నా సంచీలోనే ఉంది.

రాకెట్ వాళ్ల మీద కేసు వేసే వీలు లేదు. ఎవరి నష్టం వాళ్లే భరించాలని ఒప్పందంలో రెండు వైపులా రాసుకుంటాం. బయటివాళ్లకి జరిగే నష్టం మాత్రం వేరు. 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం దానికి ప్రయోగించిన దేశమే బాధ్యురాలు. 1978లో అణు రియాక్టరున్న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 కెనడాలో కూలితే, కెనడా 60 లక్షల కెనడా డాలర్లు అడిగి చివరికి 30 లక్షలకి ఒప్పుకుంది. బయటివాళ్ల నష్టానికి తీసుకునే థర్డ్ పార్టీ కవర్ ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, మా లాంచ్ కవర్ ఉపగ్రహం రాకెట్ నుంచి విడిపోగానే ముగుస్తుందని ఆఖరి వారంలో చెప్పారు. విడిపోయాక అది పలక్కపోతే పైసా రాదు. కక్ష్యలో పనిచేసే కాలానికి వేరే కవర్ కావాలి, దాని ప్రీమియం మా ఆరుగురి నాలుగు నెలల జీతాలంత. ఆ వారంలో అంత డబ్బు ఎక్కడ తేగలం? మొదటి రోజే చెప్పి ఉంటే బడ్జెట్‌లో పెట్టుకునేవాళ్లం.

రెండో ఉపగ్రహానికీ వీళ్ల దగ్గరికే వెళ్తాం, కాకపోతే డిజైన్ మొదలయ్యే నెలలోనే.