పెన్షన్ లెక్కలు అడగని సినిమా: 'హోఫా' (1992)

అమెరికాలో లారీ డ్రైవర్ల యూనియన్ 'టీమ్‌స్టర్స్'కి నాయకుడు జిమ్మీ హోఫా. ఆ పేరు చెప్తే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేది 'ది ఐరిష్‌మన్'లో అల్ పచినోనే. దానికి 27 ఏళ్ల ముందే, 1992 క్రిస్మస్‌కి, ఈ మనిషి మీదే ఇంకో సినిమా వచ్చింది. డైరెక్షన్ డానీ డెవీటో, రచన డేవిడ్ మామెట్, హోఫాగా జాక్ నికల్సన్. నిడివి 140 నిమిషాలు. జీతాలు, పెన్షన్ లెక్కలు చూసే ఉద్యోగం నాది కాబట్టి, యూనియన్ నాయకుడి కథ అనగానే నా కళ్లు ముందు డబ్బు దగ్గరికే పోతాయి. ఈ సినిమాతో నా పేచీ కూడా అక్కడే.

ముందు బాగున్నవి చెప్తాను. 1935లో ఒక రాత్రి లారీ నడుపుకుంటూ పోతున్న బాబీ సియారో పక్కన హోఫా ఎక్కి కూర్చుంటాడు. టీమ్‌స్టర్స్ యూనియన్‌లో చేరమని వాయించడం మొదలుపెడతాడు. బతిమాలడు, దబాయించడు, మాట మాత్రం ఆపడు. నికల్సన్‌కి ముక్కు, పళ్లు మార్చి మేకప్ వేశారు (దానికి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది). కాసేపటికి ఆ మేకప్ సంగతే మర్చిపోతాం. కొన్నాళ్లకి సియారో పనిచేసే చోటికి వచ్చి, ‘ఇతనితో ముందే మాట్లాడాను’ అని అందరి ముందూ హోఫా నోరు జారతాడు. సియారో ఉద్యోగం అక్కడికక్కడే ఊడిపోతుంది. ఆ రాత్రి కత్తి పట్టుకుని హోఫా మీదికి వెళ్లిన ఈ సియారోనే తర్వాత 40 ఏళ్లు అతని నీడలా తిరుగుతాడు. ఆ కోపం భక్తిగా ఎప్పుడు మారిందో సినిమా చెప్పదు. మనమే సర్దుకుపోవాలి.

అసలు సియారో అనే మనిషే లేడు. హోఫా చుట్టూ ఉన్న రకరకాల మనుషుల్ని కలిపి అల్లిన పాత్ర ఇది, వేసింది డెవీటోనే. కథంతా ఇతని కళ్లతో నడుస్తుంది కాబట్టి హోఫాని నిలదీసేవాడే ఉండడు. ఒక లాండ్రీ యజమాని యూనియన్ మాట వినలేదని షాపు తగలబెట్టడానికి వెళ్తారు. అక్కడ వాళ్లలో ఒకడే మంటల్లో చిక్కుకుంటాడు. మన జాలంతా ఆ కాలిపోయినవాడి మీదే, షాపు పోయిన యజమాని ఊసే రాదు.

ఇక పెన్షన్ నిధి. టీమ్‌స్టర్స్ సెంట్రల్ స్టేట్స్ ఫండ్ నుంచి లాస్ వేగస్ కాసినోలకు అప్పులు వెళ్లాయి. ఆ నిధి అప్పుల్లో మోసం చేశాడని 1964లో షికాగో కోర్టు హోఫాకి ఐదేళ్ల శిక్ష వేసింది. అదే ఏడాది చాటనూగలో జ్యూరీ సభ్యుల్ని కొనబోయిన కేసులో ఎనిమిదేళ్లు. అది లారీ డ్రైవర్లు ముసలితనం కోసం దాచుకున్న సొమ్ము. సినిమాలో మాఫియాతో చేతులు కలపడం ఉంది, కేసులు ఉన్నాయి, కానీ ఆ డబ్బు ఎవరిదన్న ప్రశ్న దగ్గర ఆగి చూడదు. పోనీ మంచి వైపైనా నిండుగా చూపించిందా అంటే అదీ లేదు. లక్షలాది డ్రైవర్లను దేశమంతా ఒకే వేతన ఒప్పందం కిందికి తెచ్చింది కూడా ఆ 1964లోనే. హోఫాని ఇప్పటికీ తలుచుకునే డ్రైవర్లు ఉన్నారంటే అందుకే. అది ఎలా సాధించాడో, కంపెనీల్ని బల్ల దగ్గర ఎలా లొంగదీశాడో చూపిస్తే నేనైతే ఇంకో అరగంట కూర్చునేవాణ్ణి.

సమ్మె గొడవలు మాత్రం పెద్ద తెర మీదే చూడాల్సినవి. జనం, లాఠీలు, పొగ, వీటన్నిటి మధ్య ఎవరు ఎటున్నారో తికమక లేకుండా తీశారు. స్టీఫెన్ బురమ్ కెమెరాకి వచ్చిన ఆస్కార్ నామినేషన్ ఉత్తినే రాలేదు. హోఫాని సెనేట్ విచారణల్లో ప్రశ్నలతో వెంటాడిన రాబర్ట్ కెనెడీని (కెవిన్ ఆండర్సన్) మాత్రం డబ్బున్నవాళ్ల ఇంట్లో గారాబంగా పెరిగిన కుర్రాడిలా తీసిపారేశారు. విచారణ సీన్లలో నికల్సన్ చెలరేగిపోతాడు సరే, ఎదుటివాడు ఇంత తేలికైతే మజా ఏముంది?

1975 జులై 30న మిషిగన్‌లో ఒక రెస్టారెంట్ పార్కింగ్ నుంచి నిజం హోఫా మాయమయ్యాడు. శవం దొరకలేదు. సినిమా ఆ మధ్యాహ్నాన్ని మొదటి నుంచీ మధ్యమధ్యలో చూపిస్తూ, చివరికి తనదైన జవాబు ఒకటి ఇస్తుంది. అది కల్పన అని తెలిసి కూడా టెన్షన్ పడ్డాను.

నా మనసులో ఉండిపోయింది మాత్రం జె.టి. వాల్ష్ వేసిన ఫిట్జ్‌సిమన్స్. హోఫా జైలుకెళ్తే యూనియన్‌లో అతని కుర్చీ ఎక్కినవాడు. 1971 డిసెంబర్లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ శిక్ష తగ్గించి హోఫాని వదిలేశాడు గానీ, 1980 దాకా యూనియన్ వ్యవహారాల్లో వేలు పెట్టకూడదని మెలిక పెట్టాడు. ఆ మెలికతో ఎక్కువ లాభపడింది ఫిట్జ్‌సిమన్సే. ఎప్పుడూ వెనక వరసలో నవ్వుతూ నిలబడే ఈ మనిషికి ఇంకో పావుగంట ఇవ్వాల్సింది. కావాలంటే ఆ లాండ్రీ మంటల్లోంచి కోసేసినా నాకు అభ్యంతరం లేదు.