మొదటి ఎయిర్ పిస్టల్‌గా ఏది మేలు: కొన్నేళ్ల వాడకం తరువాత నా అభిప్రాయం

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి డాబా మీద, కాగితపు టార్గెట్లను గురిచూస్తూ కొన్నేళ్లుగా ఎయిర్ పిస్టల్ సాధన చేస్తున్నాను. ఈ కాలంలో స్ప్రింగ్ పిస్టల్‌నూ, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో పేలే పిస్టల్‌నూ, మీటను ఒక్కసారి తిప్పితే గాలి నిండే సింగిల్ స్ట్రోక్ పిస్టల్‌నూ వాడి చూశాను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం గెలిచినప్పటి నుంచి తెలిసినవారు చాలామంది ఏది కొనమంటారని అడుగుతున్నారు. వినోదం కోసం, ఇంటి దగ్గర సాధన కోసం కొనే మొదటి పిస్టల్ సింగిల్ స్ట్రోక్ రకానిదే అయి ఉండాలన్నది నా స్థిరమైన అభిప్రాయం.

కొత్తవారు మొట్టమొదట అడిగేది వేగం గురించి. అమ్మేవారు కూడా సెకనుకు ఇన్ని అడుగులని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేస్తారు. కాగితం మీద గురికి ఆ సంఖ్యతో దాదాపు పని లేదు. అర గ్రాము పెల్లెట్ (చిన్న సీసపు గుండు) సెకనుకు 120 మీటర్ల వేగంతో వెళితే దాని శక్తి 3.6 జౌళ్లు. 10 మీటర్ల దూరంలో కాగితానికి శుభ్రమైన గుండ్రటి రంధ్రం చేయడానికి అది చాలు. అంతర్జాతీయ పోటీల టార్గెట్‌లో నల్లని వృత్తం వ్యాసం 59.5 మిల్లీమీటర్లు, నడుమనున్న పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. ఆ చిన్న వలయంలో పెల్లెట్ పడాలంటే ప్రతిసారీ ఒకే వేగం, కదలని చేయి, సాఫీగా విడిపోయే ట్రిగ్గర్ కావాలి. పిస్టల్ ఎంచుకునేటప్పుడు నేను చూసే లెక్క ఇదే.

స్ప్రింగ్ పిస్టల్ ధర తక్కువ, బయటి నుంచి ఏ గ్యాసూ అక్కరలేదు, అందుకే ఎక్కువమంది దానితో మొదలుపెడతారు. అయితే ట్రిగ్గర్ నొక్కగానే లోపలి బరువైన పిస్టన్ ముందుకు దూసుకుపోతుంది. పెల్లెట్ పిస్టల్ గొట్టాన్ని (బ్యారెల్‌ను) దాటకముందే పిస్టల్ మొత్తం ఒకసారి వెనక్కి, మరొకసారి ముందుకు కుదుపుకు లోనవుతుంది. పట్టు కాస్త మారినా పెల్లెట్ వేరే చోట పడుతుంది కనుక, తప్పు తన చేతిదో పిస్టల్‌దో నేర్చుకునేవాడికి తెలియదు. అనుభవమున్నవారికి అది మంచి పరీక్షే కావచ్చు గాని, మొదటి గురువుగా పనికిరాదు.

గ్యాస్ పిస్టల్ విషయంలో మన వాతావరణమే పెద్ద అడ్డంకి. 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ నింపిన చిన్న గ్యాస్ గొట్టంలో ఒత్తిడి ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 57 బార్ ఉండే ఒత్తిడి, 30 డిగ్రీలకు చేరేసరికి సుమారు 72 బార్ అవుతుంది. సంక్రాంతి రోజుల ఉదయపు చలిలో సరిచేసుకున్న సైటు (గురిచూసే అమరిక) వైశాఖ మాసపు ఎండలో పనికిరాదు, పెల్లెట్ పడే ఎత్తు మారిపోతుంది. త్వరత్వరగా పేలిస్తే, లోపల ద్రవరూపంలో ఉన్న గ్యాస్ ఆవిరి అవుతూ గొట్టాన్ని చల్లబరచి ఒత్తిడిని పడగొడుతుంది. పైగా ఆ గ్యాస్ గొట్టాలు మా గజపతి జిల్లాలో వీధి చివర దొరికేవి కావు. నా దగ్గరున్న గ్యాస్ పిస్టల్ నెలల తరబడి ఖాళీగా పడి ఉండటానికి అదే కారణం. ఎండలో నిలిపిన కారులో గ్యాస్ గొట్టాలు వదిలేయడం ప్రమాదకరం కూడా.

పోటీల్లో వాడే స్టేయర్, మోరిని, పార్దీని, ఫైన్‌వెర్క్‌బావ్ వంటి కంపెనీల పిస్టళ్లు సుమారు 200 బార్ల వరకు ముందుగా గాలి నింపిన సిలిండర్లతో పనిచేస్తాయి. అవి అద్భుతమైనవే, కానీ ధర లక్ష రూపాయలు దాటుతుంది, గాలి నింపడానికి ప్రత్యేకమైన పంపు కూడా కొనాలి. ఆసక్తి నిలుస్తుందో లేదో తేలకముందే అంత ఖర్చు పెట్టమని ఎవరికీ చెప్పను.

ఇక సింగిల్ స్ట్రోక్. నేను ఎక్కువగా వాడింది జర్మనీకి చెందిన వైరాఖ్ కంపెనీ తయారుచేసే హెచ్‌డబ్ల్యూ 40. గామో కాంపాక్ట్, రష్యాలో తయారైన బైకాల్ ఐజెడ్‌హెచ్-46ఎం కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. నా పిస్టల్‌లో పై భాగాన్ని వెనుక నుంచి ఎత్తి, ముందుకు తెరిచి, పెల్లెట్ పెట్టి, గట్టిగా మూసేస్తే గాలి నిండినట్టే. ప్రతిసారీ అదే పరిమాణంలో గాలి, అదే మేరకు నొక్కబడుతుంది కనుక వేగంలో తేడా చాలా తక్కువ. పేలేటప్పుడు కుదుపు దాదాపు ఉండదు. అందువల్ల కాగితం మీద కనబడే ప్రతి రంధ్రం మన చేయి, చూపు, వేలు ఏం చేశాయో నిజాయితీగా చెబుతుంది. నేర్చుకునేవారికి ఇంతకంటే విలువైన గుణం ఏదీ లేదని నేను నమ్ముతాను. ఒక్కొక్క పెల్లెట్‌కు ఒక్కొక్కసారి తెరిచి మూయాలి గనుక తొందరపాటు కూడా దానంతటదే తగ్గుతుంది. మూసేటప్పుడు వేళ్లు నలగకుండా అరచేతితో నొక్కాలి, గొట్టాన్ని ఎల్లప్పుడూ టార్గెట్ వైపే ఉంచాలి. మణికట్టు బలం లేనివారికి, పదేళ్ల లోపు పిల్లలకు ఇలా మూయడం కష్టమే.

కొనేముందు దుకాణంలో ట్రిగ్గర్‌ను తప్పక పరీక్షించండి. పోటీ నియమాల ప్రకారం ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును మోయాలి. వినోదానికి అమ్మే పిస్టళ్లలో అది చాలా ఎక్కువగా ఉంటుంది. పెల్లెట్ లేకుండా గాలి మాత్రం నింపి, గొట్టాన్ని నిటారుగా పైకి పట్టుకుని, నీళ్ల సీసాను దారంతో ట్రిగ్గర్‌కు వేలాడదీసి, నీళ్లు పెంచుకుంటూ పోతే ఎంత బరువు దగ్గర విడుతుందో తెలిసిపోతుంది. ఒక లీటరు నీటి బరువు ఒక కిలో గనుక తక్కెడ అక్కరలేదు. బరువు కొంచెం ఎక్కువైనా ఫరవాలేదు, గీరుకుపోతూ, ఆగి ఆగి కదిలే ట్రిగ్గర్ మాత్రం వద్దు. గాలి నింపకుండా ట్రిగ్గర్‌ను మాత్రమే సిద్ధం చేసుకునే వీలుందా అని కూడా అడగండి. పెల్లెట్ లేకుండా గోడకేసి చేసే సాధన చేతికి స్థిరత్వాన్ని ఇస్తుంది.

సైట్ల మీద ఆకుపచ్చగా, ఎర్రగా మెరిసే చుక్కలు చూడటానికి బాగుంటాయి గాని, కాగితపు టార్గెట్‌కు నలుపు అంచులే స్పష్టంగా ఉంటాయి. హారతి పళ్లెం మీద పట్టిన కర్పూరపు మసిని వేలితో అద్దితే మెరుపు పోయి, ముందు సైటు చదరంగా, నిక్కచ్చిగా కనబడుతుంది. కన్ను ముందు సైటు మీదే నిలవాలి, టార్గెట్ కాస్త మసకగా ఉండాలి.

పెల్లెట్లు తల చదునుగా ఉండే 4.5 మిల్లీమీటర్ల సీసపువే వాడాలి, అవే కాగితాన్ని గుండ్రంగా కోస్తాయి. ఉక్కు గుళ్లు గొట్టంలోని గాడులను పాడుచేస్తాయి, గట్టి గోడకు తగిలి తిరిగి ముఖం మీదికి వస్తాయి. రెండు మూడు కంపెనీల డబ్బాలు కొని, ఏవి దగ్గర దగ్గరగా పడుతున్నాయో చూసి, తరువాత అవే వాడటం మేలు. సీసం చేతికి అంటుతుంది కనుక, సాధన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోనిదే ఏమీ తినకూడదు.

డాబా మీద 10 మీటర్లు లేకపోతే 5 మీటర్ల దగ్గర సగం కొలతకు తగ్గించిన టార్గెట్ అచ్చువేసుకోవచ్చు. వెనుక పాత చీరలు కుక్కిన మందపాటి చెక్కపెట్టె, దాని వెనుక ఇటుక గోడ ఉండాలి. పిట్టగోడ మీదుగా పెల్లెట్ బయటికి వెళ్లే వీలున్న చోట ఈ పని చేయనే కూడదు, రక్షణ కళ్లద్దాలు లేకుండా అసలే వద్దు. పక్షుల మీద పేల్చడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద నేరం.

2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్లు మించని శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అవసరం లేదు. అయినా మన ఊరు దాటగానే పాతపట్నం, అక్కడి నుంచి మరో రాష్ట్రం. చూడటానికి ఇది అచ్చం నిజమైన పిస్టల్‌లాగే ఉంటుంది. కనుక ప్రయాణంలో తాళం వేసిన పెట్టెలో ఉంచి, కొన్న బిల్లును, గుర్తింపు కార్డును దానితోపాటే పెట్టుకోవాలి. దాన్ని నడుముకు దోపుకుని తిరగడం ఏ ఊళ్లోనూ తగదు.

నిర్వహణ తక్కువే. గాలి నింపి ఎప్పుడూ దాచకూడదు, గాలిని పట్టి ఉంచే రబ్బరు సీలు మీద అనవసరమైన ఒత్తిడి పడుతుంది. మా వైపు వానాకాలం తేమ ఇనుమును వదలదు కనుక, ప్రతి సాధన తరువాత పొడి గుడ్డతో తుడిచి, బయటి లోహానికి పల్చగా నూనె రాసి, సిలికా జెల్ పొట్లంతో పెట్టెలో ఉంచుతాను. గాలి నొక్కే భాగానికి మాత్రం సిలికోన్ నూనె తప్ప మరేదీ తగలనివ్వను. ఏళ్లు గడిచాక రబ్బరు సీలు అరగడం ఈ రకం పిస్టళ్లన్నింటిలో సహజం. పిస్టల్‌తోపాటే రెండు అదనపు సీళ్లు తెప్పించుకుంటే మరమ్మతు కోసం పెద్ద ఊరికి పంపే అవసరం తప్పుతుంది.

హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ విభాగంలో రజతం గెలిచిన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్‌ను చూసి పోటీలకు వెళ్లాలనుకునే పిల్లలకు నా సలహా వేరు. వారు పిస్టల్ కొనకముందే ఏదైనా షూటింగ్ క్లబ్బులో చేరి, అక్కడి పోటీ పిస్టల్‌తోనే మొదలుపెట్టాలి. ఎందుకంటే దాని గ్రిప్ అరచేతికి తగ్గట్టు సరిచేసుకునేది, దాని ట్రిగ్గర్ చాలా తేలిక. ఆ రెండింటికీ అలవాటు పడవలసిన చేతిని ముందుగా మరో పిస్టల్‌కు అలవాటు చేయడం వారికి అనవసరం.