తిరుపతిలో ఎల్‌ఎల్‌ఆర్ నుంచి లైసెన్సు దాకా: డ్రైవింగ్ స్కూల్ ప్యాకేజీ ఎంతవరకు పనికొస్తుంది?

రేటింగ్: నేర్పే పనికి ఐదుకు మూడు. కాగితాల పనికి ఒకటిన్నర.

తిరుపతిలో కారు నేర్పే స్కూలు గడప ఎక్కితే సాధారణంగా చెప్పేది ఒకే మాట. ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేటప్పుడు ఇచ్చే తాత్కాలిక లైసెన్సు), పదిహేను ఇరవై రోజుల క్లాసులు, టెస్టుకు బండి, లైసెన్సు చేతికొచ్చేదాకా తిరగడం, అన్నీ కలిపి ఇంత అంటారు. ఆ 'ఇంత'ను విడగొట్టి చెప్పమని అడగండి. స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి నేర్పినందుకు ఇచ్చే డబ్బు దండగ కాదు. మిగతాది మాత్రం ఫోన్‌లో అరగంట కూర్చుంటే అయిపోయే పనికి కట్టే డబ్బు.

సర్కారు ఫీజు చూడండి. ఎల్‌ఎల్‌ఆర్‌కు ఒక్కో తరగతి బండికి 150 రూపాయలు, పరీక్షకు 50. పక్కా లైసెన్సు టెస్టుకు తరగతికి 300, జారీకి 200. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉన్న రేట్లివి. గేరు బైకు, కారు రెండూ పెట్టుకున్నా పన్నెండు వందలు దాటదు. రాష్ట్రం వేసే సర్వీసు ఛార్జీలు కలిపినా రెండు వేల లోపే. ప్యాకేజీలో 'ఆఫీసు ఖర్చు' అని విడిగా ఒక లెక్క వినపడితే దానికి రసీదు అడగండి, ఆ లెక్క ఎంత గట్టిదో అప్పుడు తెలుస్తుంది.

దరఖాస్తు సారథి పరివాహన్ పోర్టల్‌లో. ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు పక్కన ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది. వయసుకు పదో తరగతి మెమో, చిరునామాకు ఆధార్, ఫొటో, సంతకం, ఆరోగ్యం బాగుందని మీరే ఇచ్చే ఫారం 1. నలభై దాటినవాళ్లకు డాక్టరు సంతకం చేసిన ఫారం 1ఏ కూడా కావాలి. దరఖాస్తు ఇరుక్కునేది పేరు దగ్గర. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా విప్పి, అదీ ఒకోసారి పేరు చివర ఉంటుంది. ముందు ఆధార్ సరిచేయించుకుని ఆ తర్వాతే దరఖాస్తు పెట్టండి. లైసెన్సులో పడ్డాక మార్చుకోవడం అంతకంటే పెద్ద తిరుగుడు.

తరగతి ఎంచుకునే దగ్గర ఏజెంట్లు కూడా తొందరపడతారు. 'గేరు లేని మోటారు సైకిల్' అని ఒక్కటే టిక్కు పెడితే స్కూటరు వరకే లైసెన్సు. రేపు గేరు బైకు నడపాలంటే మళ్లీ ఎల్‌ఎల్‌ఆర్, మళ్లీ టెస్టు. అందుకే గేరు బైకు, కారు రెండూ మొదటే పెట్టేయండి, ఒకే తిరుగుడులో పోతుంది. ఇక పదహారేళ్లకే ఇస్తారట కదా అని పిల్లలు అంటుంటారు. అది 50 సీసీ మించని గేరు లేని బండికి. షోరూముల్లో కనిపించే స్కూటర్లు 110, 125 సీసీలు, వాటికి పద్దెనిమిది నిండాల్సిందే. నిండకుండా బండి ఇస్తే మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ కింద 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఇంట్లో పెద్దవాళ్లకు.

ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షకు స్కూలు అక్కర్లేదు. కంప్యూటర్‌లో ఒకదానికి నాలుగు జవాబులు, నూటికి అరవై వస్తే పాస్, తెలుగులోనే రాయొచ్చు. బొమ్మలను ఒక్కొక్కటిగా బట్టీ పట్టడం దండగ, ఆకారం పట్టుకోండి. గుండ్రంగా ఉంటే ఆజ్ఞ, త్రికోణం హెచ్చరిక, దీర్ఘచతురస్రం సమాచారం. తలకిందులు త్రికోణం దారి ఇవ్వమని, ఎనిమిది మూలలది ఆగమని. తప్పులు దొర్లేది ఒకేలా ఉండే జంటల దగ్గర. ఒక అడ్డగీత ఉంటే పార్కింగ్ వద్దని, రెండు గీతలు ఒకదాన్నొకటి కోస్తే అసలు ఆగనే వద్దని. కంచె గేటు బొమ్మ కాపలా ఉన్న రైల్వే గేటు, రైలింజను బొమ్మ కాపలా లేనిది. ఇంకొకటి, ఇరుకు కొండదారిలో ఎదురుపడితే దారి ఎవరికి? ఎక్కేవాళ్లకు. తిరుమల ఘాట్‌లో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు కాబట్టి మనవాళ్లకు ఈ ప్రశ్న వింతగా తోస్తుంది. హార్స్లీహిల్స్ ఒకసారి ఎక్కి దిగితే ఎందుకు అడిగారో అర్థమవుతుంది.

ఇక అసలు సరుకు, క్లాసులు.

నిబంధనల ప్రకారం సొంత వాడకానికి కారు నేర్పే స్కూలు 21 రోజులకు తగ్గకుండా, బండి నడిపే సమయం పది గంటలకు తగ్గకుండా నేర్పాలి. ఎవరు ఎన్ని గంటలు నడిపారో ఫారం 15 రిజిస్టరులో రాయాలి. ఇప్పుడు పదిహేను రోజుల ప్యాకేజీ లెక్క వేయండి. క్లాసు అరగంట అంటారు. మిమ్మల్ని ఎక్కించుకునేటప్పుడు ముందు బ్యాచ్ పిల్లవాడు దిగి బెల్టు తీసి బ్యాగు వెతుక్కుంటాడు, చివర్లో మీరు దిగేటప్పుడు అదే తంతు. చేతికి చిక్కేది ఇరవై నిమిషాలు. పదిహేను ఇరవైలు మూడు వందల నిమిషాలు, అంటే ఐదు గంటలు. ఉండాల్సినదాంట్లో సగం. 'రోజుకు ఐదు కిలోమీటర్లు' అని చెప్పే చోట ఇంకా జాగ్రత్త. పొద్దున్న ఆరింటికి ఖాళీ ఎయిర్ బైపాస్ రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు పది నిమిషాల పని. చేరేముందే రెండు అడగండి: మొత్తం ఎన్ని గంటలు నా చేతిలో స్టీరింగ్ ఉంటుంది, ఆ రిజిస్టరులో రోజూ సంతకం పెట్టనిస్తారా. రెండోదానికి మొహం చిట్లిస్తే ఇంకో స్కూలు చూసుకోండి.

గంటల తర్వాత చూడాల్సింది ఇన్‌స్ట్రక్టర్ మోకాలు. స్కూలు కారులో ఆయన వైపు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి, కేబులుతోనో రాడ్డుతోనో మీ పెడళ్లకు కలిపి. ఆయన తొక్కితే మీ పెడల్ కూడా దిగుతుంది. నాలుగో రోజు సిగ్నల్ దగ్గర బండి ఆగిపోకుండా వెన్నలా కదిలితే సంబరపడేముందు అరికాలు కింద ఏం జరిగిందో గమనించండి. మీరు వదులుతుంటే పెడల్ పాదాన్ని పైకి నెట్టుకుంటూ రావాలి. అలా కాకుండా పాదం కింద నుంచి పెడల్ జారి లోపలికి పోయిందంటే బండి కదిలించింది మీరు కాదు. ఆయన తప్పేం లేదు, వెనకాల ఆటో హారన్ మీద చెయ్యి తీయడు మరి. కానీ అలా ఇరవై రోజులు పోతే ఇంటి కారులో మొదటి సిగ్నల్ దగ్గరే బండి ఆఫ్. వారం తర్వాత నోరు తెరిచి అడగండి: "అన్నా, ఈ పది నిమిషాలు కాళ్లు వెనక్కి పెట్టుకోండి, ఆగిపోతే ఆగిపోనీ." ఒప్పుకునే ఇన్‌స్ట్రక్టర్ దొరికితే మంచి స్కూలే.

క్లచ్ నేర్పే తీరు చూసి కూడా స్కూలును తూచవచ్చు. చదును నేల మీద, యాక్సిలరేటర్ ముట్టకుండా, మడమ కింద ఆనించి క్లచ్ నిదానంగా వదలాలి. ఒకచోట ఇంజను శబ్దం బరువెక్కుతుంది, బానెట్ ముక్కు కాస్త లేస్తుంది. అక్కడ పాదం ఆపి, ఒకటి రెండు లెక్కపెట్టి, మళ్లీ తొక్కాలి. రోజుకు ఇరవై సార్లు ఇది చేయిస్తే మూడు రోజుల్లో హాఫ్ క్లచ్ కాలికి తెలిసిపోతుంది. మొదటి రోజే మూడో గేరులో రోడ్డు మీద తిప్పి 'చూశారా మేడమ్, ఎంత ఈజీనో' అనేవాళ్లు మీకు సంతోషం అమ్ముతున్నారు, అంతే.

ఇంట్లో పెట్రోలు కారుంటే పెట్రోలు బండి మీదే నేర్పమనండి. డీజిల్ ఇంజను తక్కువ తిరుగుడులోనూ లాగుతుంది, క్లచ్ కాస్త తొందరగా వదిలినా క్షమిస్తుంది. మూడు సిలిండర్ల చిన్న పెట్రోలు బండి క్షమించదు. పైగా ఏళ్ల తరబడి కొత్తవాళ్ల కాళ్ల కింద నలిగిన స్కూలు కారు క్లచ్ ప్లేటు అరిగి ఉంటుంది, పెడల్ బాగా పైకొచ్చాక గానీ పట్టదు. కొత్త కారులో కిందనే పట్టేస్తుంది. అందుకే స్కూలులో బాగా నడిపినవాళ్లు ఇంటి కారులో దూకిస్తారు. చివరి రెండు క్లాసులు మీ కారులో చెప్పే ఏర్పాటుంటే దానికి కాస్త ఎక్కువిచ్చినా నష్టం లేదు.

దారుల విషయంలో స్కూళ్లకు మార్కులు తక్కువే. పొద్దున్నే ఖాళీ రోడ్లు మొదటి వారానికి సరే. తర్వాత సాయంత్రం లీలామహల్ సర్కిల్, కపిలతీర్థం రోడ్డు, తిరుచానూరు రోడ్డు చూపించకపోతే తిరుపతిలో నడపడం రానట్టే. ఇక్కడి ట్రాఫిక్‌కు దాని గుణం దానికుంది. కొండ వైపు చూస్తూ రోడ్డు దాటే భక్తులు, బోర్డు చదవడానికి నడిరోడ్డు మీద బ్రేకు వేసే తమిళనాడు, కర్ణాటక కార్లు, చెయ్యెత్తితే చాలు ఎడమకు విరిగే ఆటోలు. ముందు బండి వెనక టైర్లు నేలను తాకేచోటు కనపడేంత దూరంలో ఆగమని నేర్పితే, అది ఇంజను ఆగిపోయినప్పుడు పక్కకు తీసుకోవడానికీ పనికొస్తుంది.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, ముప్పై రోజులు నిండాక టెస్టుకు వెళ్లొచ్చు. చాలామంది 'ఇంకా టైముంది' అని ఐదో నెల దాకా లాగుతారు. టెస్టు పోతే వారం ఆగి మళ్లీ రావాలి, మూడుసార్లు పోతే అరవై రోజులు ఆగాలి. ఈలోపు ఎల్‌ఎల్‌ఆర్ గడువు దాటితే మొదటికొస్తుంది కథ. రెండో నెలలోనే స్లాట్ పెట్టుకోండి.

అప్పటిదాకా కారుకు ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్ర 'ఎల్' ఉండాలి. పలక 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తుకు తగ్గకూడదు. అద్దం మూలన అంటించే బొటనవేలంత స్టిక్కరు లెక్కలోకి రాదు. పక్క సీట్లో లైసెన్సున్న మనిషి ఉండి తీరాలి. బైకు వెనక నేర్పేవాళ్లు తప్ప స్నేహితుడు కూర్చోకూడదు. పోలీసు సంగతి అటుంచండి, కారు పాలసీ కాగితంలో డ్రైవరు షరతు చదివితే ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 3వది పాటిస్తేనే అని రాసుంటుంది. ఒంటరిగా తీసుకెళ్లి గుద్దితే క్లెయిమ్ దగ్గర ఇదే అడ్డొస్తుంది.

టెస్టు రోజు బండి ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు గడువులో ఉన్నాయా చూసుకోండి. స్కూలు బండి అయినా అడిగి చూడండి, గడువు దాటితే వెనక్కి పంపేది మిమ్మల్నే. బైకుకు ఎనిమిది వెయ్యాలి, అంటే 8 అంకె ఆకారంలో నడపాలి. మొదటి గేరు, హాఫ్ క్లచ్, వెనక బ్రేకు మీద కాలు అలా ఆనించి, చూపు చక్రం మీద కాకుండా మలుపు అవతలి అంచు మీద. మలుపులో ముందు బ్రేకు పట్టారా, హ్యాండిల్ విరిగి కాలు కింద పడుతుంది, టెస్టు పోతుంది. కారుకు ఎత్తు ఎక్కే దగ్గర ఆపి కదిలించడం, వెనక్కి తీయడం చూస్తారు. ఎత్తు మీద హ్యాండ్‌బ్రేకు లాగి, క్లచ్ పట్టేదాకా వదిలి, యాక్సిలరేటర్ కాస్త ఇచ్చి, బానెట్ లేచాకే హ్యాండ్‌బ్రేకు దించాలి. తారుమారైతే వెనక్కి జారుతుంది. రివర్స్‌లో టెస్టు పోయేది వేగం వల్లే, నడిచే మనిషికంటే నెమ్మదిగా పోతే స్టీరింగ్ తిప్పడానికి టైము దొరుకుతుంది. బెల్టు, అద్దాలు, ఇండికేటర్ మరిచిపోవడం ఇంకో రకం. టెస్టు పెట్టే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి కదలకముందే వాటిని చూస్తారు. ట్రాక్ కొలతలతో ఒక్కసారైనా సాధన చేయించని స్కూలు టెస్టుకు బండి అద్దెకిచ్చినట్టే.

పాసయ్యాక డిజిలాకర్‌లో కాపీ దించుకుని తరగతులు, పుట్టిన తేదీ, రక్తం గ్రూపు సరిచూసుకోండి. పోలీసులకు చూపడానికి అది చాలు. ముప్పై లోపు తీసుకుంటే నలభై ఏళ్లు వచ్చేదాకా చెల్లుతుంది, ముప్పై నుంచి యాభై లోపు వాళ్లకు పదేళ్లు.

లైసెన్సు రాగానే మొదటి ప్రయాణం కొండకే అనేది మన ఊరి ఆనవాయితీ. ఏ స్కూలూ ఘాట్ నేర్పదు, ప్యాకేజీలో పెద్ద లోటు అదే. కాబట్టి మొదటిసారి అనుభవమున్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ఎక్కడానికి 28 నిమిషాలకు, దిగడానికి 40 నిమిషాలకు తగ్గకూడదని టీటీడీ పెట్టిన గడువు ఉంది, టోల్‌గేట్ దగ్గర టైము పడిన చీటీ పారేయకండి. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే, రెండో గేరులో ఇంజనే బండిని పట్టుకునేలా దిగాలి. న్యూట్రల్ చేసి బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగితే ప్యాడ్లు కాగి, పెడల్ తొక్కినా బండి ఆగని దశకు వస్తుంది. కాలిన వాసన వస్తే పక్కకు తీసి అరగంట ఆపండి. చక్రాల మీద నీళ్లు మాత్రం పోయకండి, కాగిన డిస్కు వంకర పోతుంది.