63 యూరోలకు జర్మనీ అంతా: డాయిచ్‌లాండ్ టికెట్‌పై ఒక సమీక్ష

ఉద్యోగానికో, చదువుకో కొత్తగా వచ్చి ఫ్రాంక్‌ఫర్ట్ పరిసరాల్లో కాపురం పెడుతున్న తెలుగువారు ఇక్కడి పాతకాపులను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: దేశమంతా ప్రాంతీయ రైళ్లు, బస్సులు ఎక్కనిచ్చే డాయిచ్‌లాండ్ టికెట్‌ను నెలనెలా కొనడం గిట్టుబాటేనా? ఈ టికెట్ మీదే ఆధారపడి ఇక్కడ తిరుగుతున్న మనిషిగా, చాలామందికి గిట్టుబాటే అని నా అభిప్రాయం. అయితే కుటుంబంతో ఉన్నవారి లెక్క వేరు, ఊరినుంచి వచ్చే తల్లిదండ్రుల లెక్క మరీ వేరు.

2022 జూన్, జులై, ఆగస్టు నెలల్లో జర్మనీ ప్రభుత్వం నెలకు 9 యూరోలకే ప్రాంతీయ రైళ్లు, బస్సులన్నీ ఎక్కే అవకాశం కల్పించింది. దానికి వచ్చిన ఆదరణ వల్లనే 2023 మే 1న 49 యూరోల ధరతో ఈ టికెట్ పుట్టింది. ధర 2025 జనవరిలో 58 యూరోలకు, 2026 జనవరిలో 63 యూరోలకు పెరిగింది. నష్టాన్ని పూడ్చడానికి కేంద్రం, రాష్ట్రాలు చెరో 150 కోట్ల యూరోలు ఏటా భరిస్తున్నా, మూడేళ్లలోపే 14 యూరోలు పెరగడం సామాన్యులకు భారమే.

నగరంలోని మెట్రో, ట్రామ్, బస్సు, లోకల్ రైలుతోపాటు దేశంలోని ప్రాంతీయ రైళ్లన్నింటిలో రెండో తరగతిలో దీనితో ఎన్నిసార్లయినా ప్రయాణించవచ్చు. హాంబర్గ్ రేవులో నగర రవాణాకు చెందిన పడవలూ, ఊపర్టాల్‌లో 1901 నుంచి నది మీదుగా వేలాడుతూ నడుస్తున్న రైలూ ఇందులోకే వస్తాయి. సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ ప్రధాన స్టేషన్ వరకు కూడా ఇది చెల్లుతుంది. ఐసీఈ వంటి దూరప్రయాణపు వేగపు రైళ్లలో మాత్రం చెల్లదు.

డబ్బు ఆదా కంటే నేను ఎక్కువ విలువిచ్చేది మరొకదానికి. ఇక్కడ రవాణా వ్యవస్థ పదుల సంఖ్యలో ప్రాంతీయ సంఘాల చేతుల్లో ఉంది. ఒక్కో సంఘానికి ఒక్కో ధరల పట్టిక, ఒక్కో రకం జోన్‌లు. వెళ్లే ఊరు ఏ సంఘం పరిధిలోకి వస్తుందో, మధ్యలో ఎన్ని జోన్‌లు దాటతామో, కొన్న టికెట్ దిగాక ట్రామ్‌లో చెల్లుతుందో లేదో ముందే తేల్చుకోవడం భాష సరిగా రానివారికి పెద్ద పరీక్ష. పైగా హైదరాబాద్ మెట్రోలో లాగా కార్డు చూపితేనే తెరుచుకునే గేట్లు ఇక్కడి స్టేషన్లలో ఉండవు కనుక, తప్పు టికెట్‌తో ఎక్కినా ఆపేవారు ఉండరు. మామూలు దుస్తుల్లో వచ్చిన తనిఖీ సిబ్బందికి దొరికితే జరిమానా 60 యూరోలు. డాయిచ్‌లాండ్ టికెట్ ఈ బెరుకును పూర్తిగా తొలగించింది. వచ్చిన రైలు ఎక్కి, నచ్చిన చోట దిగి, తోచిన దిక్కుకు మళ్లే స్వేచ్ఛ కొత్త దేశంలో ఎంత ధైర్యాన్నిస్తుందో అనుభవించినవారికి తెలుస్తుంది.

ఆ స్వేచ్ఛకు తగిన రోజు ఆదివారం. ఆ రోజు ఇక్కడ దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి కాబట్టి శనివారమే సరుకులు తెచ్చుకుని, ఆదివారం పొద్దున్నే పులిహోర డబ్బా పట్టుకుని బయల్దేరే కుటుంబాలు మనవారిలో చాలా ఉన్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండేవారికి నేను మొదట చెప్పే దారి మైంజ్ మీదుగా కోబ్లెంజ్ వెళ్లేది. మైంజ్ దాటాక రైలు రైన్ నది ఎడమ ఒడ్డునే సాగుతుంది కాబట్టి, వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోవాలి. బాహరాహ్, సాంక్ట్ గోవర్, బోపార్డ్ ఊళ్ల మధ్య ఏటవాలు ద్రాక్షతోటలూ, కొండకొసన కోటలూ, ఎదుటి ఒడ్డున 132 మీటర్ల ఎత్తున లోరెలై బండా వరుసగా కనిపిస్తాయి. తిరుగు ప్రయాణం కుడి ఒడ్డున రూడెస్‌హైమ్, వీస్‌బాడెన్ మీదుగా చేస్తే అదే లోయ మరో రూపంలో కనిపిస్తుంది. లోరెలై మాత్రం అటువైపు నుంచి కనబడదు, ఎందుకంటే రైలు ఆ కొండలోని సొరంగంలో నుంచే పోతుంది. బయల్దేరే ముందు ఆ మార్గంలో మరమ్మతులు లేవని చూసుకోవాలి. నదిలో తిరిగే విహార నౌకలకు వేరే టికెట్ కొనవలసిందే.

ఇక లోపాలు. వారాంతాల్లో ప్రాంతీయ రైళ్లు కిక్కిరిసి ఉంటాయి. చిన్నపిల్లల బండితో ఎక్కడం ఎండ కాసే శనివారాల్లో నిజంగా కష్టం. ఆలస్యాలు, రద్దులు తరచుగా జరుగుతాయి, వాటికి ఇచ్చే పరిహారం నామమాత్రం: గంటకు పైగా ఆలస్యమైతే 1.50 యూరోలు, అదీ మొత్తం 4 యూరోలు దాటితేనే చెల్లిస్తారు, అంటే మూడు ఆలస్యాలు పోగుచేసుకోవాలి. మామూలు ధర టికెట్లు ఉన్నవారు రైలు బాగా ఆలస్యమైనప్పుడు వేగపు రైలు ఎక్కగలిగినా, ఈ టికెట్‌కు ఆ హక్కు లేదు. ఇది న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. రోజూ పనికి వెళ్లడానికి ఈ టికెట్‌నే నమ్ముకున్నవారికే ఆ రక్షణ ఎక్కువ అవసరం. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హాంబర్గ్ వంటి దూరాలకు ప్రాంతీయ రైళ్లు మారుతూ వెళ్తే ఐసీఈతో పోలిస్తే రెట్టింపు సమయం పడుతుంది కాబట్టి, అంత దూరానికి ముందుగా చవకగా దొరికే ఐసీఈ టికెట్టే మేలు.

టికెట్ ఒక్కరి పేరుమీదే ఇచ్చేది గనుక భార్యాభర్తలు కూడా ఒకరిది ఒకరు వాడకూడదు. గుర్తింపు పత్రం వెంట ఉండాలి. ఆరేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, ఆపై వయసువారికి విడిగా కావాలి. నలుగురికి నెలకు 252 యూరోలు అవుతుంది. నెలకు ఒకటి రెండుసార్లే తిరిగే కుటుంబాలకు, అయిదుగురి వరకు కలిసి ప్రయాణించగల హెస్సెన్ (ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్న రాష్ట్రం) టికెట్ వంటి ఒక్కరోజు రాష్ట్ర టికెట్లు ఎంతో లాభం. ఉద్యోగులు మాత్రం ముందు తమ సంస్థను అడగాలి: యజమాని కనీసం 25 శాతం భరిస్తే అదనంగా 5 శాతం తగ్గింపు వచ్చి, ధర 44.10 యూరోలకు దిగుతుంది. సెమిస్టర్ రుసుముతో కలిపి విశ్వవిద్యాలయం ఇచ్చే పథకం ఉన్నచోట విద్యార్థులకు 60 శాతం ధరకే వస్తుంది.

వేసవిలో అమ్మానాన్నలను పిలిపించుకునేవారు ఒక సంగతి గమనించాలి. ఇది ఒక నెలకు విడిగా కొనే టికెట్ కాదు, రద్దు చేసేదాకా కొనసాగే చందా. నెల ఒకటో తేదీ నుంచి చివరి రోజు వరకు లెక్క. చాలాచోట్ల నెల మధ్యలో తీసుకున్నా పూర్తి నెల డబ్బు కట్టాలి. ఆ నెలాఖరుతో ఆపాలంటే పదో తేదీలోపే రద్దు చేయాలి, లేకపోతే పెద్దవాళ్లు విమానమెక్కి వెళ్లిపోయాక కూడా మరో నెల డబ్బు ఖాతాలో నుంచి పోతుంది. తల్లిదండ్రులకు ఫోన్‌లో క్యూఆర్ కోడ్ వెతకడం ఇబ్బంది అనిపిస్తే, ప్లాస్టిక్ కార్డు రూపంలో ఇచ్చే అమ్మకందారును ఎంచుకుని, వారు రావడానికి కొన్ని వారాల ముందే దరఖాస్తు పెట్టాలి, ఎందుకంటే ఆ కార్డు తపాలాలో వస్తుంది.