గేటు యాప్: కాపలాకి బాగుంది, ఇరుగుపొరుగుకి చాలదు

ముప్పై నలభై ఫ్లాట్లున్న బెజవాడ అపార్ట్‌మెంట్‌కి గేటు యాప్ పెట్టించాలా అని అడిగే అసోసియేషన్లకు మా మాట ఇది: కాపలాకీ లెక్కలకీ పెట్టించండి. డెలివరీ కుర్రాడు గేటు దగ్గరికి రాగానే లోపలికి పంపాలా అని యాప్ మన ఫోన్‌లో అడుగుతుంది, మెయింటెనెన్స్ రసీదు వస్తుంది, లిఫ్టు మీద ఫిర్యాదు ఎప్పుడిచ్చారో తేదీతో సహా ఉంటుంది. ఈ పనులకి అయిదుకి నాలుగు స్టార్లు. ఇది మన ఇల్లు, వీళ్లు మనవాళ్లు అనిపించడానికి రెండే.

అసలు తప్పు అద్దెకున్నవాళ్ల దగ్గర మొదలవుతుంది. కొన్నిచోట్ల ఫ్లాటు ఓనరు పేరునే నమోదవుతుంది, ఆయనేమో హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. ట్యాంకు కడిగే రోజు నోటీసు ఆయనకి వెళ్తుంది, కుళాయి తిప్పితే నీళ్లు రానిది ఇక్కడ కాపురమున్నవాళ్లకి. సామాను దించిన రోజే ఆలుమగలిద్దరి నంబర్లూ, పెద్దవాళ్లుంటే వాళ్లవీ అడ్మిన్ చేర్చాలి. కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చులకని అసోసియేషన్ దాచే నిధి) లాంటి వాటికి ఓటు ఓనర్లకే ఉంచండి. పండగలు, పార్కింగు, మోటారు వేసే వేళల గురించి మాత్రం కాపురమున్న అందరినీ అడగండి.

బాకీల జాబితా అందరికీ కనిపించేలా పెట్టొద్దు. పేరు బయటపడ్డ ఇంటివాళ్లు డబ్బు కడతారేమో గానీ మళ్లీ మీటింగుకి రారు. ఎవరి బాకీ వాళ్లకే గుర్తుచేసే సెట్టింగు ఉంటే అదే వాడండి. పనివాళ్లకి స్టార్లు వేసే ఏర్పాటు ఉంటే తీసేయించండి. ఎవరో కోపంలో వేసిన ఒక్క స్టారు మిగతా ఇళ్లలోనూ పనిమనిషి పనికి ఎసరు పెడుతుంది, ఆమె జవాబు చెప్పుకునే చోటు అందులో లేదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి బెజవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట మునిగాయి. అలాంటి రోజున కరెంటు ఉండదు, ఫోన్లు ఆరిపోతాయి, యాప్‌లోని వివరాలు ఎవరికీ అందవు. అందుకని అంతస్తుకొకరు బాధ్యులుగా ఉండి ఒక కాగితం రాసుకోవాలి: ఫ్లాటు నంబరు, ఎంతమంది, మంచం మీదున్నవాళ్లు, పసిపిల్లలు, ఇన్సులిన్ లాంటి తప్పనిసరి మందులు, వేరే పేటలో ఉన్న ఒక బంధువు నంబరు. మొదటి వరసలో వాచ్‌మన్ కుటుంబం ఉండాలి. సెల్లారు మునిగితే వాళ్లు ఏ ఇంటికి రావాలో ముందే రాసి, ఆ ఇంటివాళ్లతోనూ వాళ్లతోనూ చెప్పి ఉంచాలి. లామినేషన్ చేయించి రెండు కాపీలు పై అంతస్తుల్లో నమ్మకమైన ఇళ్లలో పెట్టండి. కింద గదిలో పెడితే ముందు తడిసేది అదే. ఆరు నెలలకోసారి తిరగరాయాలి, అదీ గ్రూపులో మెసేజ్ పెట్టి కాదు, తలుపు తట్టి. మూడో అంతస్తు మామ్మగారి పేరు అయిదో అంతస్తు వాళ్లకి తెలిసేది ఆ తిరగడంలోనే.

యాప్‌లో పోల్ సౌకర్యం మాత్రం బాగా పనికొస్తుంది, అడిగే తీరు మార్చుకుంటే. కార్తీక వనభోజనాలు మొత్తం క్యాటరింగ్‌కి అప్పజెబితే అందరూ చుట్టాల్లా వచ్చి తిని వెళ్తారు. ‘వస్తారా?’ అని కాకుండా ‘ఏ పని తీసుకుంటారు?’ అని పెట్టండి: కూరలు తరగడం, పులిహోర కలపడం, పిల్లల ఆటలు, వడ్డన. కొత్తగా చేరిన ఇంటివాళ్లకి వడ్డన ఇవ్వండి. ప్రతి విస్తరి దగ్గరా ఆగి ఒక మాట అడగాల్సిన పని అదొక్కటే.