సెయింట్ ప్యాట్రిక్స్ డే: డబ్లిన్, న్యూయార్క్, చికాగో... ఎక్కడ చూస్తే మేలు?

మార్చి 17, ఐర్లాండ్ రక్షక సాధువు ప్యాట్రిక్ పేరున జరిగే ఐరిష్ వాళ్ల పండగ. కానీ ఆ రోజు ఊరేగింపు తీసే అలవాటు ముదిరింది అమెరికాలో. న్యూయార్క్‌లో 1762లోనే, అంటే స్వాతంత్ర్య ప్రకటనకు 14 ఏళ్ల ముందే, వలస వచ్చిన ఐరిష్ వాళ్లూ బ్రిటిష్ సైన్యంలోని ఐరిష్ సైనికులూ కలిసి వీధుల్లో నడిచారు. ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో ప్రభుత్వం పూనుకుని పరేడ్ జరిపింది 1931లో. అక్కడ ఇది మొదట్నుంచీ చర్చికి వెళ్లే రోజు. 1903లో ప్రభుత్వ సెలవైంది. 1927లో చట్టం చేసి ఆ రోజు పబ్బులు మూయించారు, మళ్లీ తలుపులు తెరుచుకున్నది 1961లో. ఇప్పుడు డబ్లిన్‌లో కనిపించే రంగుల ఉత్సవం 1996 నుంచి మొదలైంది. కాబట్టి ‘అసలైనది చూడాలంటే ఐర్లాండే వెళ్లాలి’ అనే మాటను కాస్త పక్కన పెట్టి, మీకు ఏం కావాలో చూసుకుని ఎంచుకోండి.

ఐరిష్ వాళ్లు పరాయి గడ్డమీద తమ ఊరినీ పేరునీ ఎలా నిలబెట్టుకున్నారో చూడాలనుకుంటే న్యూయార్కే. ఉదయం 11కి ఫిఫ్త్ అవెన్యూలో 44వ వీధి దగ్గర మొదలై 79వ వీధి దాకా సాగుతుంది, ముగిసేసరికి సాయంత్రం నాలుగున్నర, అయిదు. మన నిమజ్జనం ఊరేగింపులా అలంకరించిన బండ్లు ఉంటాయనుకుని వెళ్తే నిరాశే. ఇక్కడ బండ్లకు, కార్లకు అనుమతి లేదు, అందరూ నడవాల్సిందే. ముందు ఐరిష్ వాళ్ల సైనిక దళంగా పేరున్న 69వ రెజిమెంట్ నడుస్తుంది. 1851లో, ఐరిష్ వలసదారులంటే గిట్టనివాళ్లు దాడులు చేస్తున్న కాలంలో, ఊరేగింపుకు కాపుగా మొదలైన ఆనవాయితీ అది. వెనక మేయో, కెర్రీ, కార్క్ అంటూ ఐర్లాండ్‌లోని ఒక్కో కౌంటీ (జిల్లా లాంటిది) సంఘం తన బ్యానర్‌తో వస్తుంది. పోలీసుల, అగ్నిమాపక దళాల బ్యాగ్‌పైప్ బృందాలుంటాయి. 1840ల ఐర్లాండ్ కరువులో ఇల్లు వదిలినవాళ్ల మునిమనవలు ఏ కౌంటీ బ్యానర్ కింద నడుస్తున్నారో గమనిస్తూ ఉంటే అయిదు గంటలు విసుగు పుట్టవు. గమనించకపోతే మాత్రం రెండో గంటకే విసుగొస్తుంది. పిల్లలకైతే అంతకన్నా ముందే.

చాలామంది 50వ వీధిలోని సెయింట్ ప్యాట్రిక్స్ కెథెడ్రల్ ఎదుటే నిలబడాలనుకుంటారు. అక్కడ మీకు కనిపించేది ముందువాళ్ల వీపులే. 60వ వీధి దాటి పైకి, సెంట్రల్ పార్క్ పక్కకు వెళ్తే జనం పలచబడతారు, పార్కులో మరుగుదొడ్లూ ఉంటాయి. అవెన్యూకి ఏ వైపు నిలబడాలో సబ్‌వే ఎక్కకముందే తేల్చుకోండి. బారికేడ్లు వేశాక ఎక్కడపడితే అక్కడ దాటనివ్వరు. తూర్పు వైపైతే 6 నంబరు రైల్లో 68 లేదా 77వ వీధి స్టేషన్లో దిగాలి. న్యూజెర్సీ నుంచి వచ్చే మనవాళ్లు పెన్ స్టేషన్లో దిగి ఊరేగింపు దారిని దాటి తూర్పుకు వెళ్లాలంటే గంట అదనంగా వేసుకోవాలి. పార్కు వైపే నిలబడితే ఆ బాధ ఉండదు.

చికాగోలో అసలు సంగతి పరేడ్ కాదు, ఆ రోజు పచ్చరంగు పోసే నది. మురుగు ఎక్కడినుంచి నదిలోకి చేరుతోందో పట్టుకోవడానికి ప్లంబర్లు వాడే రంగే దీనికి మూలం. 1962లో మొదటిసారి సుమారు 45 కిలోలు పోస్తే నది వారం రోజులు పచ్చగానే ఉండిపోయింది. ఇప్పుడు దాదాపు 18 కిలోలతో సరిపెడుతున్నారు. మొదట వాడిన రసాయనం మీద పర్యావరణవాదులు అభ్యంతరం చెప్పడంతో మొక్కల నుంచి తీసిన రంగుకు మారామంటారు. పొడి నారింజ రంగులో ఉంటుంది, నీళ్లు తగిలాకే పచ్చబడుతుంది. ఒక పడవలోంచి పొడి చల్లుతుంటే ఇంకో పడవ వెనక తిరుగుతూ నీళ్లు చిలుకుతుంది. ఈ పని ఇప్పటికీ ప్లంబర్ల యూనియన్ చేతిలోనే ఉంది.

రంగు వేయడం పరేడ్ జరిగే శనివారం ఉదయం 10కి మొదలవుతుంది. 11కి వచ్చినవాళ్లకు పచ్చని నీళ్లు దొరుకుతాయి గానీ, నారింజ పొడి పచ్చగా మారే క్షణం దొరకదు. అది కావాలంటే ఎనిమిదిన్నరకల్లా అప్పర్ వ్యాకర్ డ్రైవ్‌లో, స్టేట్ స్ట్రీట్‌కీ కొలంబస్ డ్రైవ్‌కీ మధ్య చోటు పట్టుకోండి. మధ్యాహ్నం కొలంబస్ డ్రైవ్‌లో జరిగే పరేడ్ మామూలుగా ఉంటుంది, అక్కడ తాగినవాళ్ల సందడే ఎక్కువ. ఓపికుంటే మర్నాడు ఆదివారం దక్షిణ భాగంలో వెస్టర్న్ అవెన్యూకి వెళ్లండి. సౌత్ సైడ్ ఐరిష్ పరేడ్ అంటే ఆ వాడ కుటుంబాలు తమకోసం చేసుకునే పండగ. శివారు ఊరు నేపర్‌విల్ నుంచి మెట్రా లోకల్ రైల్లో వచ్చేవాళ్లు గుర్తుంచుకోండి, ఆ శనివారం రైళ్లలో మద్యం నిషేధం.

డబ్లిన్ చిన్నపిల్లలున్నవాళ్లకు మేలు. మధ్యాహ్నం 12కి పార్నెల్ స్క్వేర్ దగ్గర మొదలై, ఓకానెల్ స్ట్రీట్ మీదుగా నది దాటి, డేమ్ స్ట్రీట్, క్రైస్ట్‌చర్చ్ గుండా సెయింట్ ప్యాట్రిక్స్ కెథెడ్రల్ వైపు వెళ్తుంది. సుమారు రెండు గంటల్లో అయిపోతుంది. ఎత్తయిన బొమ్మలు, వీధి నాటక బృందాలు ఎక్కువ, కౌంటీ సంఘాల గర్వం తక్కువ. బ్యాండ్లలో చాలావరకు అమెరికా నుంచి విమానమెక్కి వచ్చినవే! ఓకానెల్ స్ట్రీట్ పది గంటలకే నిండిపోతుంది, చివరి భాగంలో కొంత నయం. బస్సులు దారి మళ్లుతాయి, ట్రామ్ నగరం మధ్యలో ఆగిపోతుంది, కాబట్టి డార్ట్ రైలే నమ్మకం. నగరంలో హోటల్ ధరలు ఆకాశంలో ఉంటాయి. బ్రే, మేనూత్ లాంటి చోట్ల దిగి రైల్లో రావచ్చు. మధ్యాహ్నం మూడు దాటాక పిల్లలతో పబ్బులు నిండిన టెంపుల్ బార్ వీధుల వైపు వెళ్లకండి.

తేదీల తేడా చూసుకోకపోతే మొత్తం ప్రయాణం వృథా. డబ్లిన్‌లో ఎప్పుడూ 17నే, అది సెలవు రోజు కూడా. న్యూయార్క్‌లోనూ 17నే, కానీ ఆదివారం పడితే ముందురోజు శనివారానికి మారుస్తారు, 2024లో అదే జరిగింది. సెలవు కాదు కాబట్టి ఆఫీసుకు లీవు పెట్టాలి. చికాగోలో 17 శనివారం కాకపోతే అంతకుముందు వచ్చే శనివారం. అంటే 17 శని, ఆదివారాల్లో పడని ఏడాది ముందు చికాగో, తర్వాత న్యూయార్క్ రెండూ చూడొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్లకు మా సలహా అదే, ఒకటే కుదిరితే న్యూయార్క్. భారత్ నుంచి డబ్లిన్ వెళ్లేవాళ్లకు షెంగెన్ వీసా పనికిరాదు, ఐర్లాండ్ ఆ కూటమిలో లేదు. వేరే వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు.

ఐర్లాండ్ చిహ్నమైన షామ్‌రాక్ ఆకు గుర్తు కొనేటప్పుడు మూడాకులదే కొనండి. నాలుగాకులది అదృష్టానికి గుర్తు, ఈ పండగది కాదు.

ఐర్లాండ్ దాకా వెళ్లి ఇంత జనంలో నలగడమెందుకు అనిపిస్తే, దేశానికి నైరుతి కొసన ఉన్న డింగిల్ వెళ్లండి. అక్కడ తెల్లవారుజామున ఆరింటికే పిల్లనగ్రోవులు, డప్పులతో ఊరేగింపు బయల్దేరుతుంది. డబ్లిన్ నుంచి ఆ పొద్దున బయల్దేరితే అందదు, ముందురోజు రాత్రికే ఊళ్లో గది తీసుకోవాలి.