ఆరేళ్ళుగా పడవలో వాడుతున్న జీపీఎస్, చార్టు యాప్: నా అనుభవం

మాది నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర. ఇంజను పెట్టిన ఫైబర్ పడవ మీద నలుగురం వేటకు పోతాం. గార్మిన్ ఈట్రెక్స్ 10 అనే బటన్ల జీపీఎస్ ఒకటి, ఫోనులో డబ్బు కట్టి తీసుకున్న చార్టు (లోతులు చూపించే సముద్రం మ్యాపు) యాప్ ఒకటి, ఆరేళ్ళుగా రెండూ మా పడవలో ఉన్నాయి. ఏది కొనాలని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు.

ఒక్కటే కొనగలిగితే బటన్ల జీపీఎస్సే కొనండి. ఈట్రెక్స్ 10లో సముద్రం మ్యాపు ఉండదు, రంగులూ ఉండవు. కానీ రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే రాత్రి వేటంతా నడుస్తుంది. వల లాగిన తడి చేత్తో నొక్కినా పలుకుతుంది. ఫోను తెర ఉప్పునీళ్ళ వేలికి పలకదు, మధ్యాహ్నం ఎండలో సరిగ్గా కనపడదు.

చార్టు యాప్ డబ్బు దండగ అని మాత్రం అనను. దాని విలువంతా లోతుల్లో ఉంది. మొదట్లో లోతులు మీటర్లలో చూపించేది, మా పెదనాన్న అటు చూసేవాడే కాదు. సెట్టింగుల్లో ఫాదమ్స్‌కు మార్చా. ఫాదమ్ అంటే ఆరడుగులు, మన బార. ఆ రోజు ఫోను చేతిలోకి తీసుకుని, "పన్నెండు బారలంటుందిరా, నిజమే," అన్నాడు. అప్పటినుంచి వల వేసే ముందు ఆయనే అడుగుతాడు.

సిగ్నల్ పోతే ఫోనులో జీపీఎస్ పోతుందని చాలామంది భయపడతారు. పోదు, అది ఉపగ్రహాల నుంచి వస్తుంది. చార్టు మాత్రం ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోవాలి. నెట్ లేనిచోట మనమున్న చోటు మొదటిసారి దొరకడానికి టైం పడుతుంది కాబట్టి, పడవ నీళ్ళలోకి తోయకముందే ఆన్ చేసి పెట్టుకోండి.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. మునిగిన పడవ చెక్కలున్న చోటును మా బావ ఫోనులో చెప్పాడు. అక్షాంశం 14 డిగ్రీల 31 నిమిషాల 36 సెకన్లు. నేను ఈట్రెక్స్‌లో 14 డిగ్రీల 31.36 నిమిషాలని కొట్టా. నిమిషానికి 60 సెకన్లు, అంటే 36 సెకన్లు 0.60 నిమిషం, 31.60 అని కొట్టాలి. తేడా దాదాపు 440 మీటర్లు. ఆ చోటు దాటేశామనుకుని సరిగ్గా దాని మీదే వల వేశాం. సగం వల అక్కడే పోయింది. "ఏందిరా ఇది, గుర్తు పెట్టుకున్నావుగా," అన్నాడు పెదనాన్న. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల జాడ పట్టికలో కూడా డిగ్రీలు, నిమిషాలు, సెకన్లే ఉంటాయి. ఏ పరికరం కొన్నా మొదటి రోజే పొజిషన్ ఫార్మాట్‌ను (చోటును అంకెల్లో చూపించే పద్ధతిని) డిగ్రీలు, నిమిషాలు, సెకన్లకు మార్చుకోండి.

వాతావరణానికి ఈ రెండూ చాలవు. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళ ఫిషర్ ఫ్రెండ్ యాప్ తెలుగులో ఉంది, ఉచితం. అలల ఎత్తు, గాలి దానిలో చూసుకుంటాం.

ఒడ్డు దగ్గర మాత్రం ఏ చార్టునూ నమ్మకండి. మన సముద్రానికి అధికారిక చార్టులు తయారు చేసేది డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు. కృష్ణపట్నం పోర్టుకు ఓడలొచ్చే దారికి పనికొచ్చే అంకెలు పెన్నా మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర పనికిరావు. ఒక్క వరదొస్తే ఇసుక జరిగిపోతుంది. తెర మీద వేళ్ళతో ఎంత పెద్దది చేసినా బొమ్మ పెద్దదవుతుందే గానీ కొత్త లోతు పుట్టదు.

అందుకే ఏటా జూన్ 14తో వేట నిషేధం ముగిశాక, జీపీఎస్‌లో మొగ దగ్గర పెట్టుకున్న పాత గుర్తులన్నీ తీసేస్తా. పగటి పూట, ఆటు మీద, పెదనాన్న ముందు కూర్చుని గడతో లోతు చూస్తుంటే నెమ్మదిగా బయటికి వెళ్ళి ఆ దారిని ట్రాక్‌గా దాచుకుంటా. రాత్రి ఆ గీత మీదే తిరిగొస్తాం.